రఫూ

మూడోసారి.
శానటోరియం స్టేషన్లో
నాకంటే ముందు నా దగ్గు దిగింది.
బండిలో పక్కన కూర్చున్న పూలావిడ
బుట్టని కాస్త అటు జరుపుకుంది.
తప్పు పట్టను. నేనైనా జరుపుకునేదాన్నే.

కయల్విళి డాక్టరమ్మ ఫిల్ముని కిటికీకి పట్టి
"మళ్లీ అక్కడే" అంది.
కుడి ఊపిరితిత్తిలో కింది అర.
పోయిన ఆడి తగ్గింపు అమ్మకాలప్పుడూ అక్కడే.
అంతకుముందు, తుఫాను నీళ్లు
మెట్టెక్కి లోపలికొచ్చిన వారం, అక్కడే.

నేను పట్టుచీరలకి రఫూ చేస్తాను,
సౌకార్‌పేటలో, మింట్ వీధి వెనక సందులో.
ఎలక కొరికిన అంచు, అగరొత్తి పెట్టిన చిల్లు,
మేకు పట్టి లాగిన కుచ్చిళ్లు, ఏదైనా తెండి.
ఆ చీర మడతలోంచే ఒక పోగు తీసి
ఆ చీరకే ఇస్తాను.
పైనుంచి చూస్తే మీరు పట్టలేరు.
తిరగేస్తే తెలుస్తుంది.
ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను,
రఫూ చేసిన చోట మళ్లీ చిరగదు,
దాని పక్కన చిరుగుతుంది.
గట్టిపడ్డ పోగు నీరసపడ్డ పోగుని లాగుతుంది.

ఇదే చెబితే డాక్టరమ్మ నవ్వలేదు.
"అంతే. మచ్చ పడ్డ చోట కఫం నిలుస్తుంది,
నిలిచిన చోట అది గూడు కడుతుంది."
అది అంటే?
చీటీ మీద రాసింది, రైలంత పొడుగు పేరు.
"భయపడాల్సిన పేరేం కాదమ్మా.
పిల్లల ముక్కుల్లో ఉంటుంది. బస్సుల్లో ఉంటుంది.
నా ముక్కులోనూ ఉండొచ్చు.
మమ్మల్ని పలకరించి పోతుంది,
మీ దగ్గర బస చేస్తుంది."

పెద్ద జబ్బు సంగతి వేరు.
పదకొండేళ్లుగా రాత్రి వార్తలయ్యాక ఒక మాత్ర.
రక్తంలో ఇప్పుడది కనపడటం లేదని
కాగితం కూడా ఇచ్చారు.
పులి పడుకుంది.
నేను వచ్చేసరికే ఆలస్యమైంది గాని,
అప్పటికే కంచె పడిపోయింది.
మేకపిల్లలు కూడా దూరి మేసిపోతున్నాయి.

పక్క మంచం చెంచమ్మది, నాయుడుపేట.
చంకలో గడ్డ, కోయించుకోవడం ఇది ఐదోసారి.
తనకి ఊపిరి బ్రహ్మాండం, వార్డంతా వినపడేలా గురక.
"నీ తోలు, నా గాలి పెట్టి
ఒక మనిషిని కుట్టు అక్కా,
మిగిలిన ముక్కలు పారేద్దాం" అంది.
నవ్వితే పక్కటెముకలో పోటు.
అయినా నవ్వాను.

అర్ధరాత్రి సూది మందుకి నరం దొరకలేదు.
బ్రదర్ అరుళ్ కుర్రాడు, వేళ్లు వణుకుతున్నాయి,
రెండుసార్లు పొడిచి క్షమించమన్నాడు.
"దీపం వైపు తిప్పు నాయనా,
కంటితో వెతక్కు, వేలితో తడుము,
పోగు ఎటు నడుస్తుందో అదే చెబుతుంది."
మూడోసారికి ఎక్కింది.
తెల్లపొడి కలిపిన నీళ్లు
మోచేతి దాకా చల్లగా పాకాయి.

తొమ్మిదో రోజు పంపేశారు.
జ్వరం మచ్చిక్కూడా లేకుండా పోయాక రమ్మన్నారు,
ఒక టీకా ఉందట, ఈ ముక్కుపురుక్కే.
వేస్తే రాదా అన్నాను.
"తక్కువసార్లు రావచ్చు" అంది.
అబద్ధం చెప్పనందుకు ఆవిడంటే నాకిష్టం.

ఇంటికొస్తే పని పేరుకుపోయి ఉంది.
పెళ్లివారి చీర, ముహూర్తం ఎల్లుండి.
సూది బెజ్జం నా కంటికి ఆనదు.
ఇంటిగలావిడ మనవరాలు పలక్,
ఆరేళ్లది, ముక్కు కారుతూ వచ్చి
రోజూ చేసేట్టే పోగు కొస నోట్లో పెట్టుకుని
తడిపి, మెలిపెట్టి,
ఒక్క గురికే దూర్చి
"లో, ఆంటీ" అని చేతికిచ్చింది.

వెనక్కి జరిగానా? జరిగాను, జానెడు.
అది చూసింది.
ఏ పిల్లకీ అలాంటి జరుగుడు చూపించకూడదు,
నాకు తెలుసు ఆ కొలత.

మూతికి గుడ్డ కట్టుకుని దగ్గరికి పిలిచాను.
దాని ముక్కు తుడిచాను.
ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కున్నాం,
నురగ ఎవరిది ఎక్కువో పందెం వేసుకుని.
రేపట్నుంచి నోరు కాదు, ఈ మైనం ముక్క
అని నేర్పాను.

సూదిని కిటికీ చువ్వకి వేలాడదీసి
తడి పోగు ఆరేదాకా ఆగి
మొదలుపెట్టాను,
చిరుగు పక్కనుంచి.